ఎలుకకు దారి గుర్తుందా?



జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లి చుట్టుపక్కల చెరుకు, జొన్న వేసే రైతులకు ఎలుక గురించి నేను కొత్తగా చెప్పేది తక్కువ. గెట్టు కింద బొరియ ఎక్కడ మొదలై ఎన్ని పాయలుగా చీలుతుందో, ఒక పక్క పొగ పెడితే ఎలుక ఏ పక్క నుంచి బయటికి దూకుతుందో చూడగానే చెప్పేవాళ్లు మన ఊళ్లల్లో ఉన్నారు. బొరియలో వెలుతురు ఉండదు. మలుపులుంటాయి, గింజలు దాచుకున్న అరలుంటాయి, కొంత దూరం పోయి ఆగిపోయే దారులుంటాయి. అయినా ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎలుక తడబడదు. బయటికి పోయే దారే పడుతుంది. దానికి దారి గుర్తుందని మనం అనుకుంటాం.

అనుకుంటాం, అంతే. ఎలుక వచ్చి మనకు చెప్పలేదు. వాసన పట్టుకుని పోయిందేమో. గాలి తగిలే పక్కకు తిరిగిందేమో. రోజూ తిరిగిన మలుపులు కాబట్టి ఒళ్లు దానంతట అదే తిరిగిందేమో. వీటిలో ఏది నిజమో గెట్టు మీద నిలబడి ఎవరూ తేల్చలేరు. ఆ తేల్చే పని కోసమే ప్రయోగశాలల్లో చిక్కుదారులు కట్టారు. మేజ్ అనే పేరుతో సైన్సు పుస్తకాల్లో పిల్లలు చదివే ఉంటారు. నోరులేని జీవిని ఒక ప్రశ్న అడగడం, అది ఇచ్చిన జవాబును మనకు తోచినట్టు కాకుండా ఉన్నదున్నట్టు అర్థం చేసుకోవడం ఎంత కష్టమైన పనో ఈ ప్రసంగంలో చెప్పాలని నా ప్రయత్నం.

ఈ పరీక్ష పుట్టింది కూడా ఒక పల్లెటూరి బొరియలోంచే. అమెరికాలో వర్జీనియా అనే రాష్ట్రంలో లైనస్ క్లైన్ అనే ఆయన వాళ్ల నాన్న పొలంలో ఒక పాత గుడిసె వసారా కింద ఎలుకలు తవ్వుకున్న దారులు చూశాడు. ఆ దారుల తీరు ఆయన మనసులో ఉండిపోయింది. తర్వాత క్లార్క్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతున్నప్పుడు, ఎలుకలు ఇంటిదారి ఎట్లా పడతాయో పరిశీలించాలన్న మాట వచ్చింది. అక్కడి అధ్యాపకుడు శాన్‌ఫర్డ్, లండన్ దగ్గర హాంప్టన్ కోర్టు రాజభవనం తోటలో ఉన్న చిక్కుదారి నమూనా తీసుకొమ్మని సలహా ఇచ్చాడు. ఎత్తైన పొదలను వరుసలుగా పెంచి, జనం సరదాగా దారి తప్పడానికి వేసిన తోట అది. క్లైన్ తోటి విద్యార్థి విల్లర్డ్ స్మాల్ ఆ నమూనాలో చెక్క పలకలతో, ఇనుప జాలీతో ఎలుకలకు చిన్న చిక్కుదారి కట్టాడు. నడిమధ్యలో తిండి పెట్టాడు. 1901లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రోజులు గడిచేకొద్దీ ఎలుకలు తప్పు మలుపులు తగ్గించుకుంటూ వచ్చాయి.

నేర్చుకున్నాయి, సరే. ఏం నేర్చుకున్నాయి? 1907లో జాన్ వాట్సన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చడానికి ఎలుకల జ్ఞానేంద్రియాలను ఒక్కొక్కటిగా తీసేసి చూశాడు. కళ్లు లేని ఎలుక, వాసన తెలియని ఎలుక, మీసాలు కత్తిరించిన ఎలుక. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు తడబడుతుంది. అంత జరిగినా ఎలుకలు దారి నేర్చుకోగలిగాయి. దాన్నిబట్టి ఆయన, దారి అనేది కండరాల అలవాటు మాత్రమే, ఇన్ని అడుగులు వేసి ఇటు తిరగాలని ఒంటికి తెలుస్తుంది, అంతకు మించి లోపల ఏమీ లేదని తేల్చేశాడు. మరుసటి ఏడాది హార్వే కార్‌తో కలిసి ఇంకో పరీక్ష చేశాడు. ఎలుకలు బాగా అలవాటుపడ్డాక ఒక దారి పొడవు తగ్గించేశారు. అలవాటైన వేగంతో ఉరికివచ్చిన ఎలుకలు పోయి గోడకు గుద్దుకున్నాయి. వాట్సన్ మాటకు అది గట్టి రుజువులా కనిపించింది.

ఆ మాట చాలా ఏళ్లు నిలబడింది. జంతువుకు మనసులో ఊహ, పటం లాంటివి ఉంటాయనడం ఆ కాలంలో సైన్సు కాదనిపించుకునేది. దాన్ని కదిలించినవాడు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ టోల్మన్. ఆయన, హాన్‌జిక్ కలిసి 1930లో ప్రచురించిన ప్రయోగాన్ని కొంచెం ఓపికగా వినండి. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ప్రయోగం అది.

పద్నాలుగు చోట్ల కుడికో ఎడమకో తిరగాల్సిన పెద్ద చిక్కుదారి. ఎలుకలను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు చివరికి చేరగానే రోజూ తిండి. రెండో గుంపుకు ఎప్పుడూ ఏమీ లేదు, ఊరికే తిరిగి రావడమే. మూడో గుంపుకు 10 రోజులు ఏమీ పెట్టలేదు, 11వ రోజు నుంచి మాత్రం తిండి పెట్టారు. మొదటి గుంపు రోజురోజుకూ తప్పులు తగ్గించుకుంటూ పోయింది. మిగతా రెండు గుంపులూ నింపాదిగా, ఎక్కడపడితే అక్కడ ఆగుతూ, మూసుకుపోయిన దారుల్లోకి దూరుతూ తిరిగాయి. ఎవరైనా చూస్తే ఇవి మందబుద్ధి ఎలుకలనే అంటారు. మూడో గుంపుకు 11వ రోజు తిండి దొరికింది. 12వ రోజు చూస్తే వాటి తప్పులు ఒక్కసారిగా పడిపోయి, మొదటి నుంచీ తిండి తింటున్న ఎలుకలతో సమానమయ్యాయి.

ఒక్క పూటలో అంత చదువు రాదు. అవి తీరిగ్గా తిరిగిన 10 రోజులూ దారి నేర్చుకుంటూనే ఉన్నాయి. చూపించాల్సిన అవసరం రాలేదు కాబట్టి చూపించలేదు. బడిలో అయ్యవారు అడిగితే తలవంచుకు నిలబడే పిల్లవాడు, ఇంటికెళ్లి చెల్లెలికి పాఠమంతా అప్పజెప్పడం మనం చూసిందే కదా. తెలియడం వేరు, తెలిసినట్టు కనిపించడం వేరు. టోల్మన్ 1948లో రాసిన వ్యాసంలో, ఎలుక తలలో ఆ చోటు గురించి ఒక పటం తయారవుతుందని, అది కుడి ఎడమల వరస మాత్రమే కాదని వాదించాడు. తలలో కొలత పుస్తకమేమీ లేని జీవికి పటం ఏమిటని చాలామంది కొట్టిపారేశారు. ఆ పటం మెదడులో ఎక్కడుందో చూపించే సాధనాలు ఆయన దగ్గర లేవు. 1959లో ఆయన చనిపోయేదాకా అది వాదనగానే మిగిలిపోయింది.

ఎలుక సంగతి ఇట్లా ఉంటే, దాన్ని చూసే మనిషి సంగతి ఇంకోటి. బర్క్‌లీలోనే రాబర్ట్ ట్రయాన్ అనే ఆయన చిక్కుదారిలో తక్కువ తప్పులు చేసే ఎలుకలను వాటిలో వాటికి, ఎక్కువ తప్పులు చేసేవాటిని వాటిలో వాటికి జత కలిపి, తరం తర్వాత తరం పెంచుతూ పోయాడు. కొన్ని తరాలకు తెలివైన ఎలుకల వంశం ఒకటి, మొద్దు ఎలుకల వంశం ఒకటి తయారైనట్టు కనిపించింది. తెలివి రక్తంలోనే ఉంటుందనేవాళ్లు దీన్ని ఎంతో సంతోషంగా చెప్పుకున్నారు. 1949లో సెర్ల్ అనే శాస్త్రవేత్త అవే వంశాలను రకరకాల పరీక్షలకు పెట్టి చూస్తే, మొద్దువనుకున్నవి కొన్నిటిలో మిగతావాటికి తీసిపోలేదు, కొన్నిటిలో మించిపోయాయి. తేడా చాలావరకు భయంలో, ఆకలి తీవ్రతలో, ఆ పరికరం అంటే ఉండే బెదురులో ఉందని ఆయన చెప్పాడు.

1963లో రాబర్ట్ రోజెంతాల్, ఫోడ్ చేసింది ఇంకా కళ్లు తెరిపించే పని. 12 మంది విద్యార్థులకు తలా 5 ఎలుకలు ఇచ్చారు. సగం మందికి మీవి తెలివైన జాతి ఎలుకలని, మిగతా సగానికి మీవి మొద్దు జాతివని చెప్పారు. నిజానికి అన్నీ ఒకే రకం. కొన్ని రోజులు పరీక్ష జరిగాక చూస్తే, తెలివైనవని పేరు పెట్టిన ఎలుకలే బాగా చేశాయి. తెలివైన ఎలుకలు చేతికొచ్చాయనుకున్న విద్యార్థులు వాటిని ఎక్కువగా చేతుల్లోకి తీసుకున్నారు, మెత్తగా పట్టుకున్నారు. అందుకే ఇవాళ నిజాయితీగా జరిగే ప్రయోగంలో, ఏ ఎలుకకు మందు ఇచ్చారో, దేనికి ఇవ్వలేదో పరీక్ష పెట్టే మనిషికి తెలియకుండా చూస్తారు. మన బడుల్లో మొదటి వారంలోనే ముందు వరస, వెనక వరస అని పిల్లలను విడదీసే మాస్టార్లు ఈ ప్రయోగం గురించి తప్పకుండా తెలుసుకోవాలని నా కోరిక.

ఇక ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడే పరీక్ష దగ్గరికి వద్దాం. అప్పట్లో స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రిచర్డ్ మోరిస్ 1981లో దీన్ని ప్రచురించాడు. ఇందులో గోడలు లేవు, మలుపులు లేవు. ఒక గుండ్రటి పెద్ద తొట్టి, మనిషి బార కన్నా కొంచెం అటూ ఇటూ వెడల్పు. అందులో గోరువెచ్చని నీళ్లు, దాదాపు 26 డిగ్రీలు. నీళ్లలో పాలో, తెల్లటి పొడో కలిపి అడుగు కనిపించకుండా చేస్తారు. నీటి మట్టానికి కొంచెం కింద, కనిపించకుండా, ఎలుక నిలబడేంత చిన్న దిమ్మె ఒకటి ఉంటుంది. ఎలుకకు ఈత పుట్టుకతో వస్తుంది, కానీ నీళ్లలో ఉండటం దానికి ఇష్టం ఉండదు. ఈదుతూ ఈదుతూ ఎప్పుడో దిమ్మె తగులుతుంది. ఎక్కి నిలబడుతుంది. నిలబడి చుట్టూ చూస్తుంది. గదిలో ఒక పక్క తలుపు, ఒక పక్క గోడ మీద బొమ్మ, ఇంకో పక్క దీపం. ఇవే దాని ఆనవాళ్లు.

ఈ తొట్టి ఎంత జాగ్రత్తగా ఆలోచించి పెట్టిన ప్రశ్నో చూడండి. నీళ్లలో వాసన జాడ నిలవదు, కాబట్టి ముక్కుతో దారి పట్టిందనే అనుమానం చాలావరకు పోయింది. ఎలుకను ప్రతిసారీ ఒకే చోట వదలరు. ఒకసారి ఉత్తరం నుంచి, ఒకసారి పడమర నుంచి, మార్చి మార్చి వదులుతారు. అందువల్ల ఇన్ని బారలు ఈది ఎడమకు తిరగాలనే ఒంటి అలవాటు పనికిరాదు. తిండి ఆశ లేదు, కాబట్టి ఎవరికి ఆకలి ఎక్కువ అనే లెక్క కూడా లేదు. మామూలుగా రోజుకు నాలుగుసార్లు చొప్పున కొన్ని రోజులు ఈదిస్తారు. మొదట్లో గోడ వెంబడి తిరిగే ఎలుక, రోజులు గడిచాక ఎక్కడ వదిలినా నేరుగా ఆ కనిపించని దిమ్మె వైపు ఈదుతుంది.

చివరి రోజు అసలు పరీక్ష. ఎలుకకు తెలియకుండా దిమ్మె తీసేస్తారు. ఒక నిమిషం పాటు వదిలి, అది ఎక్కడ వెతుకుతుందో పైనున్న కెమెరాతో గమనిస్తారు. తొట్టిని నాలుగు భాగాలు అనుకుంటే, ఊరికే తిరిగే ఎలుక ఒక్కో భాగంలో నాలుగో వంతు సమయం గడుపుతుంది. చోటు గుర్తున్న ఎలుక మాత్రం దిమ్మె ఉండాల్సిన భాగంలోనే తిరిగి తిరిగి వెతుకుతుంది. లేనిదాని కోసం అది ఆ చోటే వెతకడమే దాని జ్ఞాపకానికి సాక్ష్యం.

ఇంతా చేశాక కూడా ఇంకో పరీక్ష మిగిలే ఉంటుంది. దిమ్మెను నీటి పైకి లేపి, దాని మీద చిన్న జెండా పెట్టి, కనిపించేటట్టు చేసి ఎలుకను వదులుతారు. కనిపించే దిమ్మె దగ్గరికి కూడా చేరలేకపోతే ఆ ఎలుకకు కళ్లు కనబడటం లేదో, కాళ్లలో బలం లేదో, భయపడిందో అయి ఉంటుంది. దాని జ్ఞాపకం గురించి మనం మాట్లాడకూడదు. ఈదే వేగం వేరుగా కొలుస్తారు, ఈదిన దూరం వేరుగా కొలుస్తారు. నిదానంగా ఈదినా నేరుగా పోయిన ఎలుకకు దారి తెలుసన్నట్టే.

1982లో మోరిస్, ఆయన సహచరులు మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలుకలను ఈ తొట్టిలో వదిలారు. కణతల లోపలి వైపు, రెండు పక్కలా, వంపు తిరిగి ఉండే భాగం అది. మనకూ ఉంది. ఆ ఎలుకలు కనిపించే దిమ్మె దగ్గరికి బాగానే ఈదుకుంటూ వెళ్లాయి. దాగి ఉన్న దిమ్మె చోటు మాత్రం పట్టుకోలేకపోయాయి. కళ్లున్నాయి, కాళ్లున్నాయి, బయటపడాలనే ఆరాటం ఉంది. లేనిది చోటు గుర్తు ఒక్కటే. ప్రశ్న చక్కగా అడిగితే జవాబు ఇంత శుభ్రంగా వస్తుంది.

ఆ ప్రయోగంలో పాలుపంచుకున్న జాన్ ఓకీఫ్ అంతకు 11 ఏళ్ల ముందే, 1971లో, లండన్‌లో ఇంకో సంగతి కనిపెట్టాడు. తిరుగుతున్న ఎలుక హిప్పోక్యాంపస్‌లో సన్నటి తీగలు పెట్టి ఒక్కో కణం ఎప్పుడు పలుకుతుందో విన్నాడు. ఒక కణం ఎలుక ఈ మూలకు వచ్చినప్పుడే పలికేది. ఇంకో కణం ఆ మూలకు పోయినప్పుడే పలికేది. టోల్మన్ చెప్పిన పటానికి మొదటిసారి మెదడులో చిరునామా దొరికింది. 2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ హిప్పోక్యాంపస్ పొరుగు భాగంలో, నేలంతా సమాన దూరాల్లో గుర్తులు పెట్టుకున్నట్టు పలికే కణాలు ఉన్నాయని చూపించారు. 2014లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. దారి జ్ఞాపకాన్ని పరీక్షించే పద్ధతులు ఇంకా ఉన్నాయి. మధ్యలోంచి ఎనిమిది పక్కలకు చీలిన దారుల్లో, ఇంతకుముందు తిండి తినేసిన దారిలోకి ఎలుక మళ్లీ పోతుందా అని చూసేది ఒకటి, 1976లో డేవిడ్ ఓల్టన్ పెట్టాడు. వెలుతురు పడే బల్ల అంచున కన్నాలు పెట్టి, దాక్కోవడానికి వీలున్న ఒక్క కన్నం ఎక్కడుందో గుర్తుపట్టించేది ఇంకొకటి. కరోల్ బార్న్స్ 1979లో ముసలి ఎలుకల మతిమరుపు చూడటానికి తయారుచేసింది. చిట్టెలుకలకు నీళ్ల తొట్టి కన్నా ఈ బల్లే నయం. పెద్ద ఎలుక ఈదినట్టు చిట్టెలుక ఈదలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చిరాగ్‌పల్లి నుంచి జాతీయ రహదారి పట్టుకుని తూర్పుకు పోతే, వంద కిలోమీటర్లకు పైచిలుకు దూరంలో హైదరాబాద్. అక్కడ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ తమిళనాడులోని కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. కూనూరులో ఆయన దేశంలో ఒక్కో ప్రాంతం మనుషులు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న ఎలుకలు పుష్టిగా పెరిగాయి. పాలిష్ బియ్యం మీదే బతికినవి చిక్కిపోయాయి. అప్పటి నుంచి తరాలుగా పెంచుతూ వస్తున్న తెల్ల ఎలుకల వంశం ఆ సంస్థలో ఉంది. 1996లో ఆ వంశంలోనే ఒక వింత ఎలుక పుట్టింది. తిండి ఆపుకోలేక విపరీతంగా లావెక్కే ఎలుక. దాని సంతతిని వేరుగా పెంచారు. ఊబకాయంతో పాటు వాటికి ముసలితనం ముందే వస్తుంది. హిప్పోక్యాంపస్‌లో కణాలు అరిగిపోయే తీరు కూడా వయసుకు మించి ఉంటుందని అక్కడి శాస్త్రవేత్తలు రాశారు. పొట్టకూ మతికీ ఉన్న సంబంధం వెతికేవాళ్లకు ఆ ఎలుక ఒక పెద్ద ఆధారం.

తిండికీ మెదడుకూ ఉన్న సంబంధం మన జొన్న ప్రాంతానికి కొత్త కాదు. 1960లో సి. గోపాలన్, శ్రీకంటియా హైదరాబాద్‌లోనే పనిచేస్తూ, జొన్న ఒక్కటే తిని బతికే పేదల్లో వచ్చే పెల్లాగ్రా జబ్బు గురించి రాశారు. చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, చివరికి మతి చెదరడం దాని లక్షణాలు. జొన్న చెడ్డదని దాని అర్థం కాదు. పప్పు, ఆకుకూర, పాలు తోడు లేకుండా ఏ ఒక్క గింజ మీదా మనిషి బతకకూడదని అర్థం. పప్పు, నూనెగింజలు కలిపి వేసే జహీరాబాద్ చెల్కల పాత పంట తీరులో ఆ తోడు ఉండేది.

చిన్నతనంలో తిండి చాలని ఎలుకలు చిక్కుదారుల్లో వెనకబడతాయని ఎన్నో దేశాల్లో చూశారు. ఇక్కడే మళ్లీ ఆ పాత చిక్కు. ఆకలి రుచి చూసిన ఎలుకకు తిండి అంటే ఆత్రం ఎక్కువ, బెదురు ఎక్కువ. తప్పు మలుపు తిరిగింది మరిచిపోయా, ఆత్రం కొద్దీనా? 1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లెవిట్‌స్కీ, రిచర్డ్ బార్న్స్ చూపించిన సంగతి నా మనసులో ఎప్పుడూ మెదులుతుంది. తిండి చాలని ఎలుక పిల్లలను రోజూ చేతిలోకి తీసుకుని, ఆడుకునే వస్తువులిచ్చి, తోటి పిల్లలతో తిరగనిస్తే, తిండి లేమి వల్ల ప్రవర్తనలో వచ్చే వంకరలు చాలావరకు కనిపించలేదు. అంగన్‌వాడీలో గుడ్డు పెట్టడం ఎంత ముఖ్యమో, టీచరు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఆడించడం కూడా అంతే ముఖ్యమని నేను నమ్మడానికి ఇది ఒక కారణం.

తిండి లాగే నీళ్లూ మెదడును తాకుతాయి. ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? మన దేశంలో ఆ నీళ్లతో వచ్చే జబ్బును మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. తర్వాత నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది. పళ్లు, ఎముకలు పాడవడం అందరికీ కనిపిస్తుంది. మెదడుకు ఏమవుతుందన్నది కంటికి కనిపించదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖలో ఫ్లోరైడ్ ఎలుకల మెదడును, ప్రవర్తనను ఎట్లా దెబ్బతీస్తుందో పరిశీలించారు. ఫ్లోరైడ్ తాగిన ఎలుక తొట్టిలో ఆలస్యంగా దిమ్మె చేరితే, అది మరిచిపోయిందని వెంటనే రాసెయ్యకూడదు. కీళ్లు బిగుసుకుని నిదానంగా ఈదిందేమో. వేగం వేరుగా, దారి వేరుగా కొలవాల్సిన అవసరం ఇలాంటి చోటే తెలుస్తుంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సీసం మీద పనిచేశారు. కడుపుతో ఉన్న ఎలుకలు సీసం కలిసిన నీళ్లు తాగితే, పుట్టిన పిల్లల మెదడులో సంకేతాలు మోసే రసాయనాల పని దెబ్బతింది. తోడుగా కాల్షియం ఇస్తే ఆ నష్టం కొంత తగ్గింది. దేశంలో పెట్రోలులో సీసం 2000 నాటికి ఆగిపోయింది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు, మించకూడదని 2016లో నియమం వచ్చింది. పాత బ్యాటరీలను ఇంటి ముందు పగలగొట్టి సీసం కరిగించే పని మాత్రం ఇంకా ఆగలేదు. కడుపుతో ఉన్న ఆడబిడ్డలను, చిన్నపిల్లలను ఆ పొగకు దూరంగా ఉంచమని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇదంతా ఎలుకల కష్టం మీద వచ్చిన తెలివి. వాట్సన్ చేసినట్టు ఇవాళ మన దేశంలో ఎవరూ ఇష్టం వచ్చినట్టు చేయడానికి వీల్లేదు. 1960లో జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే చట్టం వచ్చింది. 1998లో ప్రయోగాల మీద ప్రత్యేక నియమాలు వచ్చాయి. జంతువుల మీద ప్రయోగం చేసే ప్రతి సంస్థా నమోదు చేసుకోవాలి. నైతిక కమిటీ ముందు ఈ పని ఎందుకు, ఇన్ని ఎలుకలు ఎందుకు, వేరే దారి లేదా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ కమిటీలో శాస్త్రవేత్త కాని సామాజిక సభ్యుడు కూడా ఉండాలి. ఈత అయ్యాక ఎలుకను తువ్వాలతో తుడిచి, వెచ్చటి చోట పెట్టాలి. చలికి వణికే ఎలుక ఇచ్చే జవాబు ఎట్లాగూ పనికిరాదు. అయినా నాకు ఒక అసంతృప్తి ఉంది. ఇంతకుముందే తేలిన సంగతిని, పట్టా కోసం మళ్లీ అవే మోతాదులతో, అదే తొట్టిలో చేసి చూపే పనులు మన కళాశాలల్లో తక్కువ కాలేదు. కొత్త ప్రశ్న లేని చోట ఒక్క ఎలుకను కూడా నీళ్లలో దించకూడదని నా అభిప్రాయం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఫలానా ఆకు పసరుతో, ఫలానా మాత్రతో మతిమరుపు మాయం, ఎలుకల్లో రుజువైంది అని పేపర్లో వస్తుంది. మతిని మెల్లమెల్లగా పోగొట్టే ఆల్జీమర్స్ జబ్బు వచ్చేటట్టు తయారుచేసిన చిట్టెలుకల్లో బాగా పనిచేసిన మందులు ఎన్నో మనుషుల్లో పనిచేయలేదు. అలాంటి వార్త చదివితే, ఎన్ని ఎలుకలు, కనిపించే దిమ్మె పరీక్ష పెట్టారా, పరీక్షించిన మనిషికి ఏది ఏ ఎలుకో తెలుసా, తర్వాత మనుషుల్లో చూశారా అని అడగండి. అంతదాకా ఆ సీసా కొనడానికి డబ్బు పెట్టొద్దు.

మనిషి మతి విషయంలో చిక్కుదారులు నేర్పిన ఒక సంగతి మాత్రం నేరుగా మన ఇళ్లకు పనికొస్తుంది. ఆల్జీమర్స్ జబ్బు మొదట్లోనే దెబ్బతీసే భాగాల్లో హిప్పోక్యాంపస్, దాని పొరుగు భాగం ఉంటాయి. దారి గుర్తు కూడా అక్కడే ఉంటుంది. అందుకే కొందరిలో పేర్లు మరిచిపోవడంతో పాటు, తెలిసిన దారిలో తికమకపడటం కూడా ముందే కనిపిస్తుంది. రోజూ పోయే చెల్కకు పోయి తాత వేరే గెట్టు దగ్గర నిలబడిపోయాడంటే, జహీరాబాద్ బస్టాండులో దిగి నాయనమ్మ ఎటు పోవాలో తెలియక కూర్చుండిపోయిందంటే, ముసలితనం కదా అని నవ్వి వదిలేయకండి. అట్లాగని అదే జబ్బని భయపడి కేకలు వేయకండి. ఎలుక విషయంలో అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడగాలి. కంటిలో శుక్లం వచ్చి ఆనవాళ్లు కనిపించడం లేదా? మోకాళ్ల నొప్పితో దగ్గరి దారి వదిలి చుట్టు దారి పట్టారా? కొత్తగా ఏదైనా మాత్ర మొదలుపెట్టారా? జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం లాంటివి ఉన్నాయా? దారి తప్పింది కొత్త చోటా, నలభై ఏళ్లు నడిచిన చోటా? ఒక్కసారేనా, ఈ మధ్య పదే పదేనా? పగలా, చీకటి పడ్డాకా? డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఈ వివరాలు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. పెద్దవాళ్ల ముందే, వాళ్లు అక్కడ లేనట్టు వాళ్ల గురించి మాట్లాడకుండా, మొదట డాక్టరును వాళ్లనే అడగనివ్వండి, వాళ్లనే చెప్పనివ్వండి.